వారసత్వంగా వచ్చిన ఇటలీ విల్లా: ఏ పని ముందు, ఏ పని తర్వాత

డబ్బు లేక శిథిలమైన విల్లాలు ఇటలీలో చాలా ఉన్నాయి. డబ్బు ఎక్కువై చెడిపోయినవీ తక్కువేం కాదు. రెండో రకం దాదాపు ఎప్పుడూ ఒకే పద్ధతిలో జరుగుతుంది. ఆస్తి చేతికొస్తుంది, ఒకేసారి ఆరు ముఠాలు దిగుతాయి, ఏడాది తిరిగేసరికి గోడలన్నీ తెల్లగా, గచ్చులన్నీ నిగనిగలాడుతూ ఉంటాయి. మూడో చలికాలానికి గోడల అడుగు భాగం పొట్టు రాలడం మొదలవుతుంది. లోపం పనివాళ్ళలో ఉండదు, పని వరుసలో ఉంటుంది.

ధనవంతుల ఇంటి ఆడపడుచులు పాత విల్లాలను చేపట్టడం అక్కడ కొత్త కాదు. షికాగో బ్యాంకరు కూతురు హోర్టెన్స్ మిచెల్, భర్త ఆర్థర్ యాక్టన్ కలిసి ఫ్లోరెన్స్ దగ్గరి లా పియెత్రాను 1903లో అద్దెకు తీసుకుని, 1907లో కొన్నారు. 19వ శతాబ్దంలో ఎవరో వేసిన ఇంగ్లిష్ తరహా పార్కును తీసేసి, రినైసాన్సు పద్ధతిలో కంచెలు, మెట్ల వరుసలు, శిల్పాలతో కొత్త తోట వేశారు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ నిక్కచ్చిగా చెప్పాలంటే అది పునరుద్ధరణ కాదు, సొంత కల్పన. వెనెటో ప్రాంతంలోని మజేర్‌లో 16వ శతాబ్దపు వాస్తుశిల్పి పల్లాడియో కట్టిన విల్లా బర్బరో కథ వేరు. 1934లో పారిశ్రామికవేత్త జుసెప్పే వోల్పి కొన్నాక, ఆయన కూతురు మరీనా దాని బాగుసేత చేపట్టింది. చిత్రకారుడు వెరొనేసే గోడచిత్రాలున్న ఆ గదుల్లోకి ఇవాళ వెళ్ళినా చెప్పుల మీద ఊలు చెప్పులు తొడుక్కోవాల్సిందే. ఇప్పటి చట్టం కోరేది ఈ రెండో తరహా పనినే.

మొదటి మెట్టు: కాగితాలు

ముందు తేల్చుకోవలసింది, ఆ ఇంటి మీద "వింకొలో" ఉందా లేదా అన్నది. అంటే సాంస్కృతిక ఆస్తిగా ప్రభుత్వం ప్రకటించిందా అని. ప్రైవేటు ఆస్తికి ఆ ప్రకటన ఉత్తర్వు రూపంలో ఉంటుంది, రిజిస్టర్లలో దొరుకుతుంది. ఇంటి మీద ఉత్తర్వు లేకపోయినా ఊపిరి పీల్చుకోవద్దు. ఆ కొండ, ఆ లోయ మొత్తానికి ప్రకృతిదృశ్య రక్షణ ఉండొచ్చు. అప్పుడు కిటికీ రెక్కల రంగు మార్చాలన్నా అనుమతి కావలసిరావచ్చు.

వింకొలో ఉన్న ఆస్తికి 2004 నాటి సాంస్కృతిక ఆస్తుల కోడ్ వర్తిస్తుంది. వారసత్వంగా వస్తే, వారసత్వాన్ని అంగీకరించిన రోజు నుంచి గానీ పన్ను శాఖకు డిక్లరేషన్ ఇచ్చిన రోజు నుంచి గానీ 30 రోజుల్లో మంత్రిత్వ శాఖకు తెలియజేయాలి. కొనుగోలైతే ఇంకో చిక్కుంది. అదే ధరకు తానే కొనుక్కునే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది, తెలియజేసిన నాటి నుంచి 60 రోజుల గడువు. ఆ లోపు ఆస్తిని కొన్నవారికి అప్పగించకూడదు. వారసత్వానికి ఈ బెడద లేదు.

మన దగ్గర ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూసినట్టే అక్కడ నోటరీ 20 ఏళ్ళ వెనక్కి హక్కుల గొలుసు చూస్తాడు. కాటాస్తో నకలు పన్నుల కోసం ఉన్న రికార్డు మాత్రమే, అది హక్కుపత్రం కాదు. ఆ నకలులోని ప్లాను చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరగండి. ప్లానులో లేని స్నానాలగది, మూసేసిన వరండా, తెరిచిన గుమ్మం కనబడితే అవన్నీ అనుమతి లేని కట్టడాలు కావచ్చు. వాటిని సరిచేయకుండా కొత్త దరఖాస్తు ముందుకు కదలదు.

భారత్‌లో నివసించేవారు డబ్బు పంపాలంటే రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. పనుల చెల్లింపులను సంవత్సరాలవారీగా విడగొట్టి ఒప్పందం రాసుకోకపోతే, పరంజా కట్టి ఉండగా డబ్బు ఆగిపోతుంది. పరంజా అద్దె మాత్రం ఆగదు.

తర్వాత ఆర్కిటెక్టు. చారిత్రక కట్టడాల పని ఆర్కిటెక్టే చేపట్టాలని 1925 నాటి రాజాజ్ఞ చెబుతోంది, ఇంజినీరు సాంకేతిక భాగం చూస్తాడు. ప్రాజెక్టు మొత్తం సోప్రింతెందెంజాకు, అంటే సాంస్కృతిక ఆస్తుల రక్షణ చూసే ప్రభుత్వ కార్యాలయానికి, వెళ్తుంది, జవాబుకు 120 రోజుల గడువు. అదనపు వివరాలు అడిగితే గడువు ఆగి, మీరు ఇచ్చాక మళ్ళీ నడుస్తుంది. అనుమతి లేకుండా పని చేస్తే జరిమానాతో పోదు, అది క్రిమినల్ నేరం.

వింకొలో వల్ల ఊరట కూడా ఉంది. స్థానిక ఆస్తి పన్ను సగం విలువ మీదే లెక్కిస్తారు. పునరుద్ధరణ పనులకు వ్యాట్ 22 బదులు 10 శాతం, ఇది మాత్రం వింకొలో లేని ఇళ్ళకూ ఉంది. తప్పనిసరి మరమ్మతుల ఖర్చులో 19 శాతం ఆదాయపు పన్నులో తగ్గుతుంది. ప్రభుత్వం ఖర్చులో సగం వరకూ ఇవ్వొచ్చు, కానీ ఆ సొమ్ము తీసుకుంటే ఇంటిని జనం చూడ్డానికి తెరవాల్సి ఉంటుంది. వెనెటోలో అయితే విల్లాల కోసమే పనిచేసే ప్రాంతీయ సంస్థను కూడా అడగండి.

రెండో మెట్టు: ఒక ఏడాది చూడటం

నాలుగు కాలాలూ గడవకుండా రోగం తెలియదు. ఈ ఏడాదిని వృథా అనుకునేవాళ్ళు తర్వాత మూడేళ్ళు పోగొట్టుకుంటారు.

ఇంటిని లేజర్‌తో కొలిపించి 1:50 స్కేలులో గీతలు వేయించండి. గోడచిత్రాలు, పైకప్పు దూలాలు, ద్వారబంధాలు 1:20లో కావాలి. ఆ గీతల మీదే ప్రతి పగులు, ప్రతి చెమ్మ మరక, ప్రతి ఊడిన పూత గుర్తించాలి. పగుళ్ళకు అడ్డంగా కొలబిళ్ళలు బిగించి నెలకోసారి రాసుకోండి. వేసవిలో తెరుచుకుని చలికాలంలో మూసుకునే పగులు, లేదా దానికి ఎదురు నడిచేది, ఉష్ణోగ్రతకు కదిలేదే, దాన్ని మృదువైన సున్నంతో నింపొచ్చు. ఏడాది పొడవునా ఒకే దిక్కుకు పెరుగుతూ పోయేదైతే పునాదిలోనో, పైకప్పు తోపులోనో కారణం ఉంది. అది తేలేదాకా దాన్ని పూడ్చకండి.

చెమ్మ కొలవడానికి రెండు సూదుల మీటరు చాలదు. గోడలో ఉప్పు ఉంటే పొడి గోడకు కూడా అది ఎక్కువ చూపిస్తుంది. నేల నుంచి 20, 60, 120, 200 సెం.మీ. ఎత్తుల్లో నెమ్మదిగా రంధ్రం చేసి, పై పొరనుంచి కాక లోపలి నుంచి పొడి తీసి, తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ తూచాలి. కింద ఎక్కువై పైకి పోయే కొద్దీ తగ్గితే నేల చెమ్మ. మధ్యలో ఒకచోటే ఎక్కువైతే పగిలిన గొట్టమో, చూరు నీళ్ళో. అదే పొడిలో సల్ఫేట్లు, నైట్రేట్లు, క్లోరైడ్లు కూడా పరీక్ష చేయించండి. నైట్రేట్లు కనబడితే ఆ గది ఒకప్పుడు పశువుల కొట్టం అయ్యుండొచ్చు, లేదా పక్కనే మురుగు గుంట ఉండొచ్చు.

అటక మీద, కొట్టాల మీద ముడతల రేకులు ఉంటే ఆస్బెస్టాస్ పరీక్ష చేయించాలి. ఇటలీ దాన్ని 1992లో నిషేధించింది, తీసే పనికి లైసెన్సున్న సంస్థే రావాలి. అటకలో గబ్బిలాలు కాపురముంటే అవి రక్షిత జీవులు. పిల్లలు పెట్టే కాలంలో అక్కడ పని మొదలుపెట్టకూడదు.

మూడో మెట్టు: పైకప్పు

లోపల ఒక్క గోడనూ ముట్టుకోకముందే పైకప్పు పూర్తికావాలి. పరంజా పైన తాత్కాలిక రేకుల కప్పు వేయించండి. దాని ఖర్చు చూసి వద్దనుకునేవారు ఒక్క తుఫానుతో పాడైన పైకప్పు చిత్రాన్ని బాగుచేయడానికి ఎంతవుతుందో ముందే అడగడం మంచిది.

అక్కడి పెంకు "కొప్పో" మన పాత గూన పెంకు లాంటి అరగొట్టం ఆకారం. ఒక వరుస బోర్లా, ఒక వరుస వెల్లకిలా. దించేటప్పుడు ఒక్కో పెంకును వేలి గణుపుతో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొంగురు శబ్దం వస్తే పగిలింది. నిలిచిన పాతవన్నీ పైకి కనబడే బోర్లా వరుసకు, కొత్తవి నీళ్ళు పారే అడుగు వరుసకు వాడతారు. బయటికి కప్పు పాతగానే కనబడుతుంది, నీళ్ళు మోసేది కొత్త పెంకు.

దూలాలు ఎక్కువగా నడుమ కాదు, గోడలో దిగిన కొసల్లో కుళ్ళుతాయి. సూదిమొన ఉలితో పొడిచి చూడండి, సులువుగా దిగితే ఆ భాగం పోయినట్టే. మొత్తం దూలం మార్చమని ఎవరైనా అంటే వేరే వడ్రంగిని పిలవండి. కుళ్ళిన కొస కోసేసి, అదే జాతి ఎండిన కర్రను ఏటవాలు అతుకుతో జోడించి, స్టెయిన్‌లెస్ కడ్డీలతో బిగిస్తారు. తిరిగి గోడలో పెట్టేటప్పుడు కొస చుట్టూ 2–3 సెం.మీ. ఖాళీ వదలాలి. గాలి ఆడని కొస మళ్ళీ కుళ్ళుతుంది.

గోడల తలమీద కాంక్రీటు బెల్టు పోస్తామని చెప్పే కాంట్రాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. 1997లో ఉంబ్రియా, మార్కే భూకంపంలో అలాంటి బరువైన, గట్టి బెల్టులు కింది రాతి గోడలను నలగ్గొట్టిన ఇళ్ళు ఎన్నో. దాని బదులు ఎదురెదురు గోడలను ఇనుప కడ్డీలతో కట్టి, బయట పలకతో బిగించే పాత పద్ధతే మేలు. 16వ శతాబ్దం గోడకు అది సరిపోతుంది, అవసరమైతే తర్వాత వదులు చేసుకోవచ్చు, తీసేయొచ్చు కూడా.

నాలుగో మెట్టు: నీళ్ళు ఎటు పోతున్నాయి

ఐరిస్ ఒరిగో, న్యూయార్క్ సంపన్న కుటుంబపు వారసురాలు, భర్త అంతోనియోతో 1924 ప్రాంతంలో తోస్కానాలో లా ఫోచే ఎస్టేటు తీసుకున్నప్పుడు అక్కడ తోటకు నీళ్ళే లేవు. అమెరికాలోని నాయనమ్మ ఇచ్చిన సొమ్ముతో దూరపు ఊట నుంచి గొట్టం వేయించాకే ఇంగ్లిష్ వాస్తుశిల్పి సెసిల్ పిన్సెంట్ గీసిన ప్రఖ్యాత తోట పెరిగింది. తోటకు నీళ్ళు తేవడం ఎంత ముఖ్యమో, ఇంటి నుంచి నీళ్ళు పంపేయడం అంతకంటే ముఖ్యం.

శతాబ్దాలుగా చుట్టూ మట్టి పేరుకుని, బయటి నేల లోపలి గచ్చు కంటే ఎత్తయి ఉంటుంది. ముందు దాన్ని తగ్గించండి, గోడ నుంచి కనీసం రెండు మీటర్ల దాకా బయటికి వాలు ఇవ్వండి. చూరు గొట్టాలు గోడ మొదట్లో వదిలేయకుండా మూసిన కాలువలోకి కలపండి. 1960ల తర్వాత పూసిన సిమెంటు పూత అడుగున ఉంటే తీసేయాలి. సిమెంటు చెమ్మను ఆపదు, ఆవిరి కాకుండా ఆపుతుంది. దారి దొరకని చెమ్మ ఇంకా పైకి, గోడచిత్రం దాకా ఎక్కుతుంది.

సిమెంటును డ్రిల్లుతో కాకుండా ఉలితో తీయించండి. మెత్తటి ఇటుకకు గట్టిగా అంటుకున్న చోట ఇటుక ముఖం ఊడేకన్నా కాస్త సిమెంటు మిగలడమే నయం. తర్వాత గోడ ఆరడానికి వదిలేయాలి. పని లెక్క: నెలకు 2.5 సెం.మీ. మందం. 60 సెం.మీ. గోడకు రెండేళ్ళు. ఈ గడువులో తెల్లగా ఉప్పు పూస్తుంది. పొడి బ్రష్షుతో దులిపి ఎత్తేయండి, నీళ్ళతో కడగకండి, కడిగితే ఉప్పంతా లోపలికే పోతుంది. ఉప్పు మరీ ఎక్కువున్న చోట గుల్లగా ఉండే సున్నం పూత వేసి, ఏడాదో రెండేళ్ళో ఉప్పు పీల్చనిచ్చి, చెక్కేసి పారేస్తారు. ఆ పూత పారేయడానికే.

గోడకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించే పద్ధతిని బాగా అమ్ముతారు. వరుసగా కట్టిన ఇటుక గోడలో కొంత పని చేస్తుంది. లోపల రాళ్ళు, మట్టి, ఖాళీలు నింపిన పాత గోడలో రసాయనం ఖాళీల్లోకి పోయి, చెమ్మ దాని పక్కనుంచే ఎక్కుతుంది.

ఐదో మెట్టు: సున్నం

తెలుగు పాఠకులకు ఇక్కడ కొత్తదేమీ లేదు. గానుగ సున్నం, సుర్ఖి తెలిసిన మేస్త్రీ వెనెటోలో కూడా తడుముకోడు. అక్కడి "కొచ్చోపెస్తో" మన సుర్ఖి పదార్థమే, నూరిన ఇటుక పొడి. హైదరాబాద్ కుతుబ్ షాహీ సమాధుల బాగుసేతలోనూ 20వ శతాబ్దపు సిమెంటు పూతలు తీసేసి సున్నానికే తిరిగొచ్చారు, కారణం అదే. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపే అలవాటును అక్కడికి తీసుకెళ్ళకండి. పాత పూత విశ్లేషణలో లేనిది కొత్త పూతలో కనబడితే సోప్రింతెందెంజా ఒప్పుకోదు.

లోపలి గోడలకు నానబెట్టిన సున్నపు ముద్ద, బయటి గోడలకూ అడుగు భాగానికీ ఎన్.హెచ్.ఎల్. 3.5 రకం (సహజ హైడ్రాలిక్) సున్నం వాడండి. సంచి మీద ఆ పేరే ఉండాలి. "హైడ్రాలిక్ సున్నం" అని మాత్రమే ఉన్న చవక సంచుల్లో సిమెంటు కలిసి ఉండొచ్చు.

ఇసుకకు ఎంత సున్నం కావాలో ఇసుకే చెబుతుంది. పూర్తిగా ఎండిన ఇసుక ఒక లీటరు డబ్బాలో నింపి, అంచుకు సమంగా సాపుచేసి, కొలపాత్రతో నీళ్ళు పోయండి. నీరు పైకి తేలేదాకా ఎంత పట్టిందో అంత పరిమాణం సున్నం కావాలి. సాధారణంగా మూడో వంతు పడుతుంది, 1:3 పాళ్ళు అక్కడి నుంచే వచ్చాయి. ఒకే సైజు రేణువులున్న ఇసుకకు ఎక్కువ పడుతుంది, అలాంటి పూత ఎండాక చీలుతుంది. ఇసుక మార్చండి, సున్నం పెంచకండి. చెమ్మ తగిలే గోడలకు 1 పాలు సున్నపు ముద్ద, 1 పాలు ఇటుక పొడి, 2 పాళ్ళు ఇసుక.

కలపడానికి గానుగ లాంటి చక్రాల మిక్సర్ కావాలి, మామూలు కాంక్రీటు డ్రమ్ము సున్నపు ముద్దను ఉండలు కడుతుంది. 20–30 నిమిషాలు తిరిగితే నీళ్ళు పోయకుండానే మెత్తబడుతుంది. గట్టిగా ఉందని నీళ్ళు పోసేవాడిని ఆపండి. పూతలో పగుళ్ళకు మొదటి కారణం ఆ నీళ్ళే.

పూత మూడు పొరలు. గోడను ముందు రోజు సాయంత్రం తడిపి, ఉదయం మళ్ళీ తడిపి, పైన నీరు మెరవకుండా ఉన్నప్పుడు మొదటిది 5 మి.మీ. విసురుగా కొట్టాలి, తాపీతో సాపు చేయకూడదు. రెండోది 10–15 మి.మీ., 0–4 మి.మీ. ఇసుకతో. అంతకంటే మందం కావాలంటే రెండు దఫాలుగా వేయాలి. వేలిగోటితో నొక్కితే గుర్తు పడి, వేలు దిగని స్థితిలో చెక్క పలకతో గట్టిగా రుద్దాలి. ఎండేటప్పుడు పుట్టే సన్న చీలికలు అప్పుడే మూసుకుంటాయి. చివరిది 3–5 మి.మీ., సన్న ఇసుకతో. వెనెటోలో దీని బదులు పాలరాతి పొడి కలిపిన "మర్మొరీనో" ఉండొచ్చు, పాత గోడలో ఏముందో అదే వేయాలి.

తడి గోనెపట్టాలు కట్టి, కనీసం వారం రోజులు ఎండ, గాలి నేరుగా తగలనీయకండి. తొందరగా ఎండిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకోలేదు, చేత్తో రాస్తే పిండిలా ఊడుతుంది. 5 డిగ్రీల కన్నా తక్కువున్నా, 30 దాటినా పూయొద్దు. బయటి పూత సెప్టెంబరు చివరికల్లా ముగించాలి, పచ్చి సున్నంలో నీరు గడ్డకడితే పొర మొత్తం పెచ్చులుగా లేస్తుంది. నెలల తర్వాత నడుమ తెల్లచుక్కతో చిన్న గుంటలు పడితే, సరిగా నానని సున్నపు రవ్వలు లోపల ఉన్నట్టు. ఆ లోడు సున్నం మిగిలినది వెనక్కి పంపాలి. జిప్సం మాత్రం ఏ రూపంలోనూ బయటి సున్నంలో కలపొద్దు.

అసలు పనికి ముందు ఉత్తరపు గోడ మీద ఒక చదరపు మీటరు నమూనాలు మూడు, నాలుగు వేసి ఒక చలికాలం వదిలేయండి.

ఆరో మెట్టు: సున్నపు పొరల కింద ఏముందో

ఏ గదిలోనైనా గోడ గీకేముందు శిక్షణ, గుర్తింపు ఉన్న రెస్టోరర్ చిన్న చదరాలుగా పొరపొరా విప్పి చూడాలి. ఒక్కో మెట్టు ఒక్కో పొరను చూపేలా సన్న కత్తితో తీస్తారు. తెల్ల సున్నం కింద చిత్రాలు దొరకడం ఇటలీలో రోజూ జరిగేదే. దొరికితే పని అక్కడే ఆపి సోప్రింతెందెంజాకు చెప్పాలి.

గోడ నుంచి పూత వదిలి బోలు శబ్దం వచ్చే చోట్ల ఉప్పు లేని ద్రవ సున్నపు మిశ్రమాన్ని సిరంజితో ఎక్కిస్తారు. రంగు సల్ఫేట్ల వల్ల పొడిబారితే, ఫెరోని, డీని అనే ఇద్దరి పేరుతో ఒక పద్ధతి ఉంది. 1966 ఫ్లోరెన్స్ వరదల తర్వాత వాడుకలోకి వచ్చింది. ముందు అమ్మోనియం కార్బొనేట్ తడిపిన కాగితపు గుజ్జు పట్టీ, తర్వాత బేరియం హైడ్రాక్సైడ్ పట్టీ. గోడ ఇంకా తడిగా ఉంటే, నైట్రేట్లు ఉంటే, కొన్ని రాగి రంగులుంటే ఇది ముట్టుకోకూడదు. మెరుపు కోసం ప్లాస్టిక్ రెజిన్ రుద్దించకండి, ఉప్పు దాని వెనక చేరి రంగుతో సహా తోసేస్తుంది.

ఏడో మెట్టు: గచ్చులు, వైర్లు, వేడి

వెనెటో గచ్చు సున్నం, ఇటుక పొడి, పాలరాతి ముక్కలతో పోసి, రుద్ది, అవిసె నూనె పట్టించింది. పగుళ్ళను అవే పదార్థాలతో నింపాలి, ఎపాక్సీతో కాదు. గట్టి ఎపాక్సీ గీత పక్కనే కొత్త చీలిక వస్తుంది. తోస్కానాలో కాల్చిన మట్టి బిళ్ళలకు నూనె, మైనం చాలు. కింద చెమ్మ ఉన్నంతకాలం వాటి మీద ఏ మెరుపు పూతా వేయకూడదు.

వైర్లు, గొట్టాలకు గోడలు చెక్కనివ్వకండి. వాడని పొగగొట్టాలు, అటక, గచ్చు కింది ఖాళీలు ముందు వెతికి, ఆ దారులను గీతల మీద గుర్తించాకే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. చిత్రాలున్న గదుల్లో వేడి గంటకు 1–2 డిగ్రీల కన్నా వేగంగా పెరగకూడదు. శుక్రవారం సాయంత్రం అతిథులు వస్తున్నారని ఒక్కసారిగా వేడి పెడితే పైకప్పు చెక్కలు చిట్లిన శబ్దం వినబడుతుంది. తేమ 45–60 శాతం మధ్య నిలకడగా ఉండాలి. గోడ అడుగున సన్నగా వేడి నీళ్ళ గొట్టాలు పరిచి ఏడాది పొడవునా తక్కువ వేడి ఇచ్చే పద్ధతి ఇలాంటి గదులకు సరిపోతుంది.

కిటికీలు మార్చకండి. లార్చ్, చెస్ట్‌నట్ చట్రాల అడుగు కమ్మీ ఒక్కటే సాధారణంగా పోయి ఉంటుంది. దాన్ని అతికి, అవిసె నూనె పుట్టీ, అవిసె నూనె రంగు వేస్తే చాలు.

ఎనిమిదో మెట్టు: తోట, ఆ పైన ఏటేటా

పరంజా, లారీలు పూర్తిగా వెళ్ళాకే తోట. మెట్ల తోటల రాతి గోడలు సున్నం లేకుండా పేర్చినవైతే అలాగే పేర్చాలి, వెనక రాళ్ళ గుల్ల నింపాలి. సందులు సిమెంటుతో మూస్తే వర్షాకాలం నీళ్ళ బరువుకు కడుపు ఉబ్బి కూలతాయి. మట్టి కుండీల్లోని నిమ్మ చెట్లను తొలి మంచుకు ముందు లిమొనాయా షెడ్డులోకి, ఏప్రిల్ చివరో మే మొదట్లోనో బయటికి మార్చాలి. దాని తలుపులు, కిటికీలు అంతకుముందే సిద్ధంగా ఉండాలి.

ఏటా నవంబరులో ఆకులు రాలాక చూరు కాలువల్లో చెత్త ఎత్తించడం, వసంతంలో జారిన పెంకులు సర్దించడం, కొలబిళ్ళల లెక్క రాయడం, ప్రతి ఐదేళ్ళకూ దూలం కొసలు పొడిచి చూడటం. ఈ నాలుగింటికీ ఊళ్ళోనే ఉండే ఒక మేస్త్రీతో, ఒక వడ్రంగితో ఏడాది ఒప్పందం రాసుకోండి. అసలు పనికి అనుకున్న బడ్జెట్లో అయిదో వంతును మొదట్లోనే పక్కన పెట్టి ఉంటే, పైకప్పు విప్పినప్పుడు బయటపడేవాటికి పోగా మిగిలినదాన్ని ఈ ఒప్పందాలకే వాడండి.